చలికాలంలో ఏ చెట్టుకు కత్తెర?

ప్రశ్న: మా పెరట్లో పదేళ్ళ బంగినపల్లి మామిడి, ఒక నిమ్మ చెట్టు, కొన్ని మల్లె పొదలు ఉన్నాయి. మామిడి బాగా గుబురెక్కింది. చలికాలంలో చెట్టు నిద్రావస్థలో ఉంటుంది కనుక అప్పుడే కొమ్మలు కత్తిరించాలని ఒక వీడియోలోనూ, అలా చేస్తే కొత్త చిగురు మంచుకు మాడిపోతుందని మరొక వీడియోలోనూ చెప్పారు. ఇక్కడేమో డిసెంబరులో నాలుగు రోజులు చలి, నాలుగు రోజులు ముసురు. ఎప్పుడు కత్తిరించాలో తెలుపగలరు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు విన్న రెండు మాటలూ ఆపిల్ వంటి ఆకురాల్చే చెట్లు పెరిగే, నీరు గడ్డకట్టే చలి ఉన్న ప్రాంతాలకు సరిపోతాయి. గుంటూరులో చిగురు మాడేంత చలి ఉండదు, మామిడి శీతకాలంలో ఆకు రాల్చదు. అయినా చలితో దానికి గట్టి సంబంధమే ఉంది. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపుకు దిగి కొన్నాళ్ళు నిలిస్తే, ముదిరిన కొమ్మల చివరి మొగ్గలు పూతకు తిరుగుతాయి. డిసెంబరులో ఆ చివరలను కత్తిరిస్తే రాబోయే పూతనే తీసేసినట్లవుతుంది. పక్క మొగ్గలనుంచి చాలావరకు చిగురే వస్తుంది, పూత వచ్చినా ఆలస్యమవుతుంది. అందువల్ల ఇప్పుడు ఎండుకొమ్మలు తప్ప మరేమీ ముట్టుకోవద్దు. ముసురు పట్టినప్పుడు కూడా చెట్టు పూత మాని చిగురించే అవకాశం ఉంది కనుక, పిందె బఠాణీ గింజంత అయ్యేవరకు మీరు నీరు పెట్టకుండా ఉండటం మంచిది.

మామిడికి తగిన సమయం కాయ కోత ముగిసి తొలకరి పడ్డాక, జూన్ నెలాఖరునుంచి జులై లోపల. అప్పుడు వచ్చిన చిగురు చలి మొదలయ్యేనాటికి ముదురుతుంది. రోహిణి కార్తె ఎండల్లో కత్తిరిస్తే, అంతవరకు నీడలో ఉన్న బెరడు ఎండకు పగులుతుంది. వానలో కత్తిరిస్తే గాయాలకు తెగులు సోకుతుంది. కాబట్టి వాన తెరిపి ఇచ్చిన రోజులు చూసుకుని, చెట్టు నడుమ ఎండ దూరేలా లోపలి కొమ్మలు తీయించండి. మీ చెట్టు గుబురును ఒక్క ఏడాదిలో తగ్గించాలనుకోకుండా రెండు మూడేళ్ళకు పంచుకోవడం మేలు. ఇలా పలుచబడిన చెట్టు గాలికి కొంత తట్టుకుంటుంది కూడా; మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న, అంటే కత్తెర ముట్టకూడని నెలలోనే.

బొటనవేలికంటే లావైన కోతలకు బోర్డో పేస్టు పూయాలి. 100 గ్రాముల మైలుతుత్తాన్ని, 100 గ్రాముల సున్నాన్ని విడివిడిగా అరలీటరు చొప్పున నీటిలో కరిగించి, ప్లాస్టిక్ బకెట్‌లో కలుపుకోవాలి. ఇనుప పాత్ర పనికిరాదు.

నిమ్మకు ఎండుపుల్లలు, మొదలునుంచి నిటారుగా లేచే నీటికొమ్మలు తీస్తే చాలు. గజ్జి తెగులు వాన చినుకులతో వ్యాపిస్తుంది గనుక తడి ఆరని రోజున కత్తెర పెట్టవద్దు. పని అయ్యాక లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పిచికారీ చేయండి.

మీ పెరట్లో చలికాలపు కత్తిరింపు నిజంగా కోరుకునేది మల్లె ఒక్కటే. నవంబరులో నీరు ఆపి, డిసెంబరు చివరికి పొదను నేలనుంచి సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తుకు కత్తిరించి, పశువుల ఎరువు వేసి మళ్ళీ నీరు పెడితే, వేసవి మొదట్లో కొత్త కొమ్మల మీద మొగ్గలు వస్తాయి. ముసురు పట్టి ఉంటే మాత్రం ఓ వారం ఆగండి. సంక్రాంతి లోపు కత్తిరించినా నష్టం లేదు.