మాకు ప్రొటీన్ కాదు, ఉసిళ్లు

"పురుగుల్లో ప్రొటీన్ ఎక్కువంటున్నారు, మన వైపు ఎవరైనా తిన్నారా? చికెన్ బదులు తినొచ్చా?" అని అడిగారు కదా. నేను తిన్నాను. మేం వాటిని ఉసిళ్లు అనేవాళ్లం.

మాది దేవరకొండ దగ్గర పల్లె. మిరుగు (మృగశిర కార్తె) వాన ఒకటి గట్టిగా పడి, మర్నాడు ఉక్కపోసిందంటే పొద్దుగూకే వేళకు పుట్టల్లోంచి ఉసిళ్లు లేచేవి. రెక్కలొచ్చిన చెదపురుగులే అవి. మా నానమ్మ ఇంట్లో లైట్లన్నీ ఆర్పించి, వాకిట్లో ఒక్క కందీలు వెలిగించి, దాని కింద బేసిన్‌లో నీళ్లు పోసేది. వెలుగుకు వచ్చి అందులో పడేవి. వాటిని తడి ఆరబెట్టి, నూనె చుక్క లేకుండా పెంక మీద వేయించేది, వాటి కొవ్వే వాటికి చాలు. చాటలో పోసి చెరిగితే రెక్కలన్నీ ఎగిరిపోయేవి. ఉప్పు, కారం, జొన్న పేలాలు కలిపి తలా పిడికెడు పెట్టేది. వేయించిన పల్లీల రుచికి దగ్గరగా ఉండేవి. ఇంకో పిడికెడు అడిగితే "కడుపు నొస్తది బిడ్డా, సాలు" అనేది. ఓసారి దొంగతనంగా తిని రాత్రంతా చెంబు పట్టుకుని తిరిగాను.

ఇదంతా ఏడాదిలో నాలుగు రోజుల ముచ్చట. దాంతో చికెన్ మానేయడం కుదరదు. ఇప్పుడు అందరూ మాట్లాడేది పెంచిన పురుగుల గురించి, ముఖ్యంగా కీచురాళ్ల గురించి. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013 నివేదిక ప్రకారం కీచురాళ్లు కిలో బరువు పెరగడానికి సుమారు 2 కిలోల మేత చాలు, పశువులకైతే దానికి ఎన్నో రెట్లు కావాలి. మనుషులు తినే పురుగులు 1,900 రకాలకు పైనే ఉన్నాయని కూడా అందులో ఉంది. మన దేశంలోనే అస్సాంలో పట్టుపురుగు ప్యూపాలు (గూట్లో ఉండే దశలోని పురుగులు) తింటారు. ఒడిశా మయూర్‌భంజ్ ఎర్రచీమల పచ్చడికి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతానిదే అని చెప్పే భౌగోళిక గుర్తింపు, కూడా వచ్చింది. కాబట్టి ఎవరైనా ఛీ అంటే పట్టించుకోకండి.

కానీ మీకు రొయ్యలు పడకపోతే పురుగుల జోలికి పోవద్దు. మా పెద్దమ్మ కొడుక్కి రొయ్యలు పడవు. ఉసిళ్లు తిన్న గంటకే మొహమంతా దద్దుర్లు. ఇంట్లో దిష్టి అనుకుని ఉప్పు, మిరపకాయలు తిప్పేశారు. రొయ్యల్లో అలర్జీ తెచ్చే ప్రొటీన్ లాంటిదే పురుగుల్లోనూ ఉంటుందని డాక్టర్ చెప్పాకగానీ తెలియలేదు.

ఇంకోటి, చేలో మిడతలు పట్టుకుని వేయించుకోవద్దు. మా వైపంతా పత్తి, ఎవరు ఏ మందు ఎప్పుడు కొట్టారో పక్క చేను రైతుకే తెలియదు.

ప్రొటీనే కావాలంటే నా ఓటు గుడ్డుకూ పెసలకూ. కీచురాళ్ల పొడి డబ్బులు పెట్టి కొనేంత ముచ్చట నాకైతే లేదు. నాకు నచ్చింది కోళ్లకు పురుగులు మేపే పద్ధతి. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లపురుగులను కూరగాయల చెత్త మీద పెంచి దాణాలో కలుపుతున్నారు. మా నానమ్మ కూడా మిగిలిన ఉసిళ్లు కోళ్లకే చల్లేది, అవి మాకంటే ముందే బేసిన్ చుట్టూ చేరేవి.