హైఫై స్పీకర్లపై 20 శాతం తగ్గించినా డీలర్‌కు లాభం మిగులుతుందా?

సాధారణంగా మిగులుతుంది, కానీ తగ్గింపు శాతాన్ని బట్టి మీరు కొన్నది చవకో ఖరీదో చెప్పలేం.

హైఫై సామాను మొబైల్ ఫోన్లలా చకచకా అమ్ముడుపోదు. ఒక జత స్పీకర్లు నెలల తరబడి దుకాణంలోనే ఉండిపోవచ్చు. పైగా, వినిపించడానికి విడిగా ఒక గది, పెట్టె విప్పిన డెమో జత ఉండాలి. ఆ జతను చివరికి తగ్గించే అమ్మాలి. అందుకే మార్జిన్ పెద్దదిగా ఉంటుంది. కేబుళ్లలో ఇంకా ఎక్కువే ఉంటుంది గానీ, స్పీకర్లకు గట్టిగా బేరమాడినవారు అక్కడ నోరెత్తరు.

గరిష్ఠ చిల్లర ధర రూ.1,18,000 అనుకుందాం. 18 శాతం జీఎస్టీ తీసేస్తే లక్ష. డీలర్ కొనుగోలు ధర, పన్ను కాకుండా, రూ.65,000 అయితే మార్జిన్ రూ.35,000. 20 శాతం తగ్గిస్తే మీరు కట్టేది రూ.94,400. పన్ను పోగా డీలర్ చేతికొచ్చేది రూ.80,000, మిగిలేది రూ.15,000. అంటే మార్జిన్‌లో సగానికి పైగా పోయింది. అద్దె, జీతాలు, సరుకు మీద వడ్డీ ఆ మిగిలినదాంట్లోంచే.

చాలామంది గరిష్ఠ చిల్లర ధరనే అసలు ధరగా లెక్కగట్టి, ఎంత తగ్గితే అంత ఆదా అనుకుంటారు. అది చట్టప్రకారం దాటకూడని హద్దు మాత్రమే. బజారంతా రూ.94,000కే దొరికే జతకు ఈ 20 శాతం తగ్గింపే కాదు. పోల్చవలసింది అదే మోడల్‌కు ఇద్దరు అధీకృత డీలర్లు చెప్పే తుది ధరలను, మన దేశంలో చెల్లే వారంటీతో కలిపి.