నిద్రమాత్ర రెండోసారి వేసేసుకున్నారు.. ఉప్పునీళ్లు తాగించొచ్చా?

ప్రశ్న: మా అత్తగారికి 71 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. నిద్ర పట్టడం లేదంటే రెండేళ్ల కిందట డాక్టర్ అల్‌ప్రజోలం రాశారు. ఇప్పటికీ అదే చీటీతో తెచ్చుకుంటున్నాం. పోయిన వారం ఒకసారి వేసుకుని, ఆ సంగతి మర్చిపోయి మళ్లీ వేసుకున్నట్టున్నారు. పొద్దున ఎనిమిదైనా లేవలేదు. గట్టిగా కుదిపితే కళ్లు తెరిచి ఏదో ముద్దముద్దగా అని మళ్లీ పడుకున్నారు. ఉప్పునీళ్లు తాగించి కక్కించాం, తర్వాత కాఫీ పట్టాం. సాయంత్రానికి తేరుకున్నారు. మళ్లీ ఇలా జరిగితే ఏం చేయాలి? దీనికి విరుగుడు ఇంజెక్షన్ ఉందా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తేరుకున్నారు, అది సంతోషం. కానీ ఆ ఉప్పునీళ్లు ఇంకెప్పుడూ వద్దండి. మత్తులో ఉన్న మనిషికి మింగడం మీద పట్టుండదు. మీరు పట్టించిన నీళ్లయినా, కక్కినదైనా ఊపిరితిత్తుల్లోకి పోతే మాత్ర కంటే అదే పెద్ద ప్రమాదం. పైగా ఎక్కువ ఉప్పు పోతే ఒంట్లో సోడియం పెరిగి ఫిట్స్ కూడా రావచ్చు. కాఫీ, నిమ్మరసం, మజ్జిగ, గొంతులో వేలు పెట్టి కక్కించడం, మొహం మీద చెంబుడు నీళ్లు కొట్టడం.. ఇవేవీ పనిచేయవు, ఉన్న కాస్త టైమూ వీటికే పోతుంది.

మీ ఉత్తరంలో నాకు అనుమానం వచ్చింది ఇంకో చోట. ఆవిడకు షుగర్ ఉందన్నారు. రెండోసారి వేసుకున్నది నిద్రమాత్ర ఒక్కటేనా, రాత్రి మాత్రలన్నీనా? గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్ర డబుల్ పడితే తెల్లారేసరికి షుగర్ పడిపోయి, చూడ్డానికి అచ్చం నిద్రమాత్ర మత్తులాగే ఉంటుంది. చెమటలు పట్టొచ్చు, పట్టకపోనూ వచ్చు. అందుకే ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ముందు వేలు గుచ్చి చూడండి. 70 కంటే తక్కువ ఉండి, మనిషి స్పృహలో ఉండి సరిగ్గా మింగగలిగితే గ్లూకోజ్ నీళ్లు పట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా నేరుగా ఆస్పత్రికే. ఈ రకం మాత్రతో పడిన షుగర్ గ్లూకోజ్ ఎక్కించాక పెరిగినట్టే పెరిగి కొన్ని గంటలకు మళ్లీ పడిపోతుంది, కాబట్టి ‘లేచి కూర్చున్నారు కదా’ అని ఇంటికి తీసుకొచ్చేయొద్దు. మూతి ఒక పక్కకు లాగినా, ఒక చెయ్యి పైకి లేవకపోయినా అది పక్షవాతం కావచ్చు. అప్పుడు నిద్రమాత్ర గురించి ఆలోచిస్తూ కూర్చోకూడదు.

ఇక అసలు మత్తు సంగతి. నిద్రమాత్ర ఎక్కువైతే మొదట మాట తడబడుతుంది, నడక తూలుతుంది, అడిగినదానికి పొంతన లేని జవాబు వస్తుంది. పెద్దవాళ్లలో కొందరు మత్తుగా పడుకోరు సరికదా, చిరాకు పడి మంచం దిగి కింద పడతారు. అక్కణ్నుంచి పేరు పెట్టి పిలిస్తే పలికే దశ, కుదిపితేనే పలికే దశ, నొప్పి కలిగిస్తే తప్ప కదలని దశ. పిడికిలి మడిచి రొమ్ము మధ్య ఎముక మీద వేలి కణుపులతో గట్టిగా రుద్దండి, చెయ్యి అడ్డం పెట్టి మిమ్మల్ని తోసేస్తే కొంత నయం. మూలగడం తప్ప ఏమీ చేయకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి. తర్వాత గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం పొట్ట, రొమ్ము ఎన్నిసార్లు పైకి లేస్తున్నాయో లెక్కపెట్టండి. మామూలుగా 12 నుంచి 20 ఉంటాయి. పదికి తగ్గినా, మధ్యలో ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, పెదాలు, గోళ్లు నీలంగా మారినా క్షణం ఆలస్యం చేయొద్దు. అసలు ఊపిరే లేకపోతే 108 వాళ్లు ఫోన్‌లో చెబుతుండగా గుండె మీద నొక్కడం మొదలుపెట్టాలి.

గురక విషయంలో చాలామంది మోసపోతారు. ‘గురక పెట్టి హాయిగా నిద్రపోతున్నారు, పోనీలే లేపడం ఎందుకని ఊరుకున్నాం డాక్టరుగారూ’ అని ఎంతమంది చెప్పారో! ఆ గురగుర నాలుక వెనక్కి జారి, గొంతులో ఉమ్ము చేరి వచ్చే చప్పుడు కావచ్చు. మనిషిని వెల్లకిలా ఉంచకుండా ఎడమ పక్కకు తిప్పి, పై కాలు మోకాలి దగ్గర మడిచి, తల కాస్త వెనక్కి వంచి నోరు కిందకు ఉండేలా పడుకోబెట్టండి. అంబులెన్స్ వచ్చేదాకా ఒంటరిగా వదలొద్దు. ఈలోగా ఇంకొకరు దిండు కింద, చెత్తబుట్టలో, బీరువా మీద వెతికి ఖాళీ స్ట్రిప్పులు సహా దొరికినవన్నీ కవర్లో వేసి తెండి. ఆఖరిసారి మామూలుగా మాట్లాడింది ఎన్ని గంటలకో కూడా గుర్తుపెట్టుకోండి, మాకు ఆ రెండు వివరాలే చాలా పనికొస్తాయి.

‘రెండే కదా వేసుకుంది’ అని మాత్రల లెక్కతో ధైర్యం తెచ్చుకోవద్దు. వయసు, ఆయాసం జబ్బు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, కాలేయం దెబ్బతినడం, వీటిలో ఏది ఉన్నా మామూలు డోసే ఎక్కువవుతుంది. మద్యంతో, నొప్పులకు వాడే ట్రమడాల్ లాంటి వాటితో కలిస్తే రెండూ కలిసి ఊపిరిని నొక్కేస్తాయి. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్ లాంటి మందులు అల్‌ప్రజోలంను ఒంట్లోంచి త్వరగా పోనివ్వవు. ఇంకొకటి, నిద్ర కోసమని కొందరికి అమిట్రిప్టిలిన్ రాస్తారు. అది ఎక్కువైతే మత్తుతో ఆగదు, గుండె లయ తప్పుతుంది. అది వేసుకున్నారని అనుమానం ఉన్నా చాలు, పైకి బాగానే కనిపిస్తున్నా తీసుకురండి.

విరుగుడు ఉందా అన్నారు. ఉంది, ఫ్లూమజెనిల్ అంటారు. కానీ ఇవ్వడానికి మేమే వెనకాడతాం. మీ అత్తగారిలా రోజూ మాత్ర వేసుకునేవాళ్లకు అది ఇస్తే అలవాటైన మందు ఒక్కసారిగా ఆగిపోయినట్టయి ఫిట్స్ రావచ్చు, అమిట్రిప్టిలిన్ కూడా కలిసి ఉంటే ఇంకా ప్రమాదం. పైగా దాని ప్రభావం గంటో, అంతకంటే తక్కువో. లేచారని అందరూ సంతోషించేలోపు మళ్లీ మత్తులోకి జారిపోతారు. కాబట్టి అసలు వైద్యం ఊపిరి నిలబెట్టడమే. షుగర్ చూస్తాం, ఆక్సిజన్, సెలైన్ పెడతాం, ఈసీజీ తీస్తాం, ఊపిరి మరీ నెమ్మదిస్తే గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ మీద ఉంచుతాం, మందు దానంతటదే దిగేదాకా కాస్తాం. కడుపులోని మందును పీల్చుకునే బొగ్గుపొడి (యాక్టివేటెడ్ చార్‌కోల్) ఇచ్చేది మాత్ర మింగిన గంటలోపే, అదీ మనిషి బాగా మెలకువగా ఉంటేనే. కడుపు కడగమని చుట్టాలు పట్టుబడుతుంటారు గానీ దాని అవసరం ఇప్పుడు చాలా అరుదు. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ కూడా మింగి ఉండొచ్చనిపిస్తే రక్తపరీక్ష తప్పనిసరి. అది మొదటిరోజు ఏమీ తెలియనివ్వకుండా తర్వాత కాలేయాన్ని దెబ్బతీస్తుంది, దాని విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్ మాత్రం మొదటి ఎనిమిది గంటల్లో ఇస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

మర్చిపోయి వేసుకున్నారని మీరంటున్నారు, చాలావరకు అదే అయ్యుంటుంది. అయినా ఇంట్లో ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని ‘మనసేమైనా బాగాలేదా అత్తయ్యా, చనిపోవాలని అనిపిస్తోందా’ అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది ఉత్త భయం. అలాంటిది ఉంటే మాత్రలు తీసేసి, మనిషిని ఒంటరిగా ఉంచకుండా మానసిక వైద్యుడికి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు. పోలీసు కేసవుతుందని ఇలాంటివి దాచి ఇంట్లోనే కాలయాపన చేసే కుటుంబాలున్నాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో అలా చేశారనే భావించాలి, శిక్షించకూడదు. మీరు దాస్తే మాకు వైద్యమే కష్టమవుతుంది.

రెండేళ్లుగా అదే చీటీ అన్నారే, అది మానండి. అల్‌ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టర్ చీటీ మీదే లెక్క రాసి అమ్మాల్సిన జాబితాలోది, అమ్మిన ప్రతిసారీ షాపువాళ్లు ఎవరికి, ఎవరు రాస్తే, ఎంత ఇచ్చారో రాసి మూడేళ్లు ఉంచాలి. అలాగని భయపడి రేపట్నుంచి ఒక్కసారిగా ఆపేయొద్దు. మన తెలంగాణలో ఈ మందు కలిపిన కల్తీకల్లు ఆగిపోయిన ఊళ్లలో జనం చేతులు వణికి, పిచ్చిచూపులు చూస్తూ, ఫిట్స్‌తో ఆస్పత్రులకు వచ్చారు కదా, అదే ఇది. డాక్టర్ చెప్పినట్టు వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఈలోగా స్ట్రిప్పు ఆవిడ మంచం పక్కన కాకుండా మీ దగ్గర ఉండనివ్వండి, వారం గళ్ల డబ్బాలో సర్దితే వేసుకున్నారో లేదో గడి చూస్తేనే తెలుస్తుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ మతిమరుపు ఎప్పట్నుంచి అని కూడా చెప్పండి. పెద్దవయసులో దానికి ఈ మాత్రే కారణమవుతుంటుంది.