అమ్మానాన్నల్ని హాలీవుడ్ బౌల్ కచేరీకి తీసుకెళ్లొచ్చా? తప్పకుండా, కానీ ఏ రోజన్నది చూసుకోండి

మీ ప్రశ్న ఇదీ: జూలైలో అమ్మానాన్నలు లాస్ ఏంజెలిస్ వస్తున్నారు, హాలీవుడ్ బౌల్‌లో జరిగే వేసవి కచేరీలకి తీసుకెళ్లాలని ఉంది, కానీ వాళ్లకి పాశ్చాత్య సంగీతం అలవాటు లేదు, ఇద్దరూ శాకాహారులు, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, టికెట్లు కూడా ఖరీదేమోనని అనుమానం. ఇక్కడ చాలామంది "పెద్దవాళ్లకి బోర్ కొడుతుంది, బీచ్ చూపించి, మాలిబు గుడికి తీసుకెళ్తే చాలు" అన్నారు. గుడికి ఎలాగూ తీసుకెళ్తారు. బౌల్‌కి కూడా తీసుకెళ్లండి. మా అమ్మానాన్నల్ని తీసుకెళ్లిన అనుభవంతోనే చెప్తున్నాను, త్యాగరాజ కీర్తనలు వింటూ పెరిగిన చెవికి ఈ దేశంలో ఆర్కెస్ట్రా వినడానికి ఇంతకంటే సులువైన చోటు నాకు తెలీదు.

ముందు అక్కడి సీజన్ ఎలా నడుస్తుందో తెలియాలి, ఎందుకంటే రోజు సరిగ్గా ఎంచుకోకపోతే ఆ బోర్ కొడుతుందన్న మాటే నిజమవుతుంది. బౌల్ కొండల మధ్య సహజంగా ఏర్పడిన లోయ, ఆ వాలునే గ్యాలరీగా మలిచారు. 1922 జూలైలో వేసవి కచేరీలు మొదలయ్యాయి. దాదాపు 17,500 మంది కూర్చోవచ్చు. 1936లో లిలీ పాన్స్ అనే ఫ్రెంచ్ ఒపెరా గాయని పాడినప్పుడు 26,410 మంది వచ్చారట, ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. స్థలం కౌంటీది, సీజన్ నడిపేది లాస్ ఏంజెలిస్ ఫిల్‌హార్మోనిక్, అందరూ ఎల్.ఏ. ఫిల్ అంటారు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఉంటుంది. మామూలుగా మంగళవారం, గురువారం శాస్త్రీయ సంగీతం, బుధవారం జాజ్, ఆదివారం ప్రపంచ సంగీతం, శుక్ర శనివారాల్లో సినిమా సంగీతం, పెద్ద పేరున్న గాయకులు, బాణసంచా. ఏడాదిని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది కానీ వరస ఇదే.

చాలామంది వారాంతం ఖాళీ కదా అని శనివారం బుక్ చేస్తారు. పెద్దవాళ్లతో అది వద్దు. జనం ఎక్కువ, టికెట్ ఎక్కువ, ట్రాఫిక్ ఎక్కువ, ఒక్కోసారి బాణసంచా తప్ప ఇంకేం గుర్తుండదు. చిన్నపిల్లలుంటే వేరే సంగతి. మీరు ఆఫీసు నుంచి ఒక్క రోజు త్వరగా బయటపడగలిగితే మంగళవారమో గురువారమో పెట్టుకోండి. బౌల్‌లో బౌల్ సొంత సంగీతం వినిపించేది ఆ రాత్రులే.

మా నాన్నగారిది తెనాలి దగ్గర పల్లెటూరు. విజయవాడ రేడియోలో వచ్చే కచేరీలు, శ్రీరామనవమి పందిళ్లు, ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్, ఈమని శంకరశాస్త్రి గారి వీణ, అదీ ఆయన సంగీతం. నేర్చుకోలేదు, కానీ రెండు నిమిషాలు వింటే రాగం చెప్పేస్తారు. ఆయన్ని తీసుకెళ్లిన మొదటి రాత్రి ద్వొరాక్ తొమ్మిదో సింఫనీ వాయించారు. సింఫనీ అంటే ఆర్కెస్ట్రా కోసం భాగాలు భాగాలుగా రాసిన పెద్ద రచన. ఈయన చెక్ స్వరకర్త, న్యూయార్క్‌లో సంగీత కళాశాల నడుపుతూ 1893లో రాసిన సింఫనీ అది. మొదటి భాగం హడావిడిగా, గట్టిగా సాగింది, నాన్నగారు మర్యాదకి కూర్చున్నట్టు కూర్చున్నారు. రెండో భాగం మొదలైంది. కింద తీగవాద్యాలు మెత్తగా పట్టు ఇస్తుంటే ఇంగ్లిష్ హార్న్ అనే ఊదే వాద్యం నెమ్మదిగా ఒక వరస ఎత్తుకుంది. గ ప ప, గ రి స, రి గ ప గ రి. నాన్నగారు నా మోచెయ్యి పట్టుకుని "ఇది మోహనం కదూ" అన్నారు. నిజమే, ఆ మొదటి పాదమంతా అచ్చం మోహనం స్వరాలే. కాసేపటికి మోహనంలో లేని నిషాదం వచ్చి దారి మారింది, "అయ్యో, వదిలేశాడే" అని బాధపడ్డారు కూడా. అక్కణ్ణుంచి చివరిదాకా ఆయన కళ్లు స్టేజీ మీదే.

అందుకే అలవాటు లేదన్న మాటని నేను అంతగా పట్టించుకోను. వాళ్ల మేజర్ స్కేల్ మన శంకరాభరణం స్వరాలే, మైనర్‌లో ఒక రకం నఠభైరవి, ఇంకో రకం కీరవాణి. గమకాలుండవు, స్వరం ఎక్కడ పెడితే అక్కడ నిలబడుతుంది, మొదట్లో మన చెవికి అదే చప్పగా అనిపిస్తుంది. దానికి బదులు వాళ్ల దగ్గర ఒకేసారి నాలుగైదు వరసలు నడుస్తాయి, అది మన కచేరీలో ఉండదు. అమ్మానాన్నలకి ముందే ఈ ఒక్క మాట చెప్పి పెట్టండి: పైన వినిపించే పాటనే పట్టుకోవద్దు, కింద బేస్ ఏం చేస్తోందో వినండి, ఆ పాట వయొలిన్ల దగ్గర్నుంచి ఫ్లూట్‌కి, అక్కణ్ణుంచి హార్న్‌లకి ఎలా చేతులు మారుతోందో చూడండి. స్టేజీకి రెండు వైపులా పెద్ద తెరలున్నాయి, ఎవరు వాయిస్తుంటే కెమెరా వాళ్లని చూపిస్తుంది, కాబట్టి కొత్తవాళ్లకి ఇది కష్టం కాదు. ఇంకో సంగతి, మీ నాన్నగారికి తొడ మీద తాళం వేసే అలవాటుంటే అది కుదరదని కూడా చెప్పండి. మధ్యలో లయ సాగుతుంది, ఆగుతుంది, మళ్లీ పరుగెడుతుంది, అదంతా కండక్టర్ చేతిలో ఉంటుంది. మా నాన్నగారు కాసేపు తంటాలు పడి తాళం మానేసి కండక్టర్ చేతుల్నే చూస్తూ కూర్చున్నారు.

మన సంగీతానికి, దీనికి చుట్టరికం కొత్తదేం కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరోపియన్ల దగ్గర వయొలిన్ నేర్చుకున్నందువల్లే అది మన కచేరీలోకి వచ్చింది, ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లిష్ బ్యాండు వరసలకి సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు చేశారు. పెద్దవాళ్లకి ఇది గుర్తు చేస్తే "మనది కాదు" అన్న జంకు పోతుంది. ఇంకా కావాలంటే రవిశంకర్ గారు 1967లోనే ఇదే బౌల్‌లో వాయించారని చెప్పండి, మా అమ్మకి ఆ స్టేజీ మీద గౌరవం పెరిగింది ఆ మాటతోనే.

కచేరీకి ముందు వారం రోజులు ఆ రాత్రి వాయించబోయే ప్రధాన అంశాన్ని ఇంట్లో పెట్టండి. కూర్చోబెట్టి పాఠం చెప్పక్కర్లేదు, వంట చేసుకుంటుంటే, కాఫీ తాగుతుంటే వెనక నడవనివ్వండి చాలు. తెలిసిన వరస ఎదురుగా వందమంది వాయిస్తుంటే వచ్చే ఆనందం వేరు. ప్రోగ్రామ్ చాలా ముందే ప్రకటిస్తారు కాబట్టి ఇది తేలిక.

బుధవారం జాజ్ సంగతి. మనోధర్మం తెలిసినవాళ్లకి నిజానికి జాజ్ ఇంకా దగ్గర కావాలి. వరస ఒకటి ఎత్తుకుని, దాని మీద ఒక్కొక్కరూ తమ ఊహ మేరకు అల్లుకుంటూ పోతారు, డ్రమ్మర్, సాక్సోఫోన్ నాలుగేసి బార్లు (మన ఆవర్తనాల్లాంటి తాళపు లెక్కలు) పంచుకుని జవాబులిచ్చుకుంటుంటే మన కచేరీలో మృదంగం, ఘటం వాయించే తని ఆవర్తనం గుర్తుకొస్తుంది. ఈ స్టేజీ మీద జాజ్ చరిత్ర కూడా చిన్నది కాదు. 1956 ఆగస్టులో ఎల్లా ఫిట్జెరాల్డ్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, ఆస్కార్ పీటర్సన్, ఆర్ట్ టేటమ్ ఒకే రాత్రి ఇక్కడ కచేరీ చేశారు, ఆ రికార్డింగు దొరుకుతుంది, వినండి. ఎల్.ఏ. ఫిల్ జాజ్ కార్యక్రమాలకి 2010 నుంచీ జాజ్ పియానో విద్వాంసుడు హెర్బీ హాంకాక్ మార్గదర్శకుడు. అయితే ఒక జాగ్రత్త, బుధవారం అన్నీ ఒకలా ఉండవు. గాయనో పియానోనో ప్రధానంగా ఉన్న రోజు చూసుకోండి. ఎలక్ట్రిక్ గిటార్లు, పెద్ద సౌండు ఉన్న రోజు పెద్దవాళ్లకి తలనొప్పి. జూన్‌లో వచ్చే రెండు రోజుల జాజ్ ఫెస్టివల్ అయితే మధ్యాహ్నం ఎండలో మొదలై రాత్రిదాకా సాగుతుంది, దాని జోలికి అసలు వెళ్లకండి.

ఆదివారం ప్రపంచ సంగీతం అంటే ఆఫ్రికా, లాటిన్ అమెరికా, కరీబియన్ దేశాల బృందాలు ఎక్కువగా వస్తాయి. జనం లేచి నిలబడి ఆడతారు. నాకు చాలా ఇష్టం, కానీ ముందు వరసవాళ్లు లేస్తే కూర్చున్నవాళ్లకి స్టేజీ కనిపించదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో అది ఇబ్బందే.

ఇక సీట్లు. ముందున్న బాక్సుల్లో కుర్చీలు, చిన్న బల్లలు ఉంటాయి, ఖరీదు. వెనక అంతా చెక్క బెంచీలు. మంగళ, గురువారాల్లో పై వరసల్లో కొన్ని సీట్లు ఏళ్ల తరబడి ఒక్క డాలరుకే అమ్మారు. ధరలు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే ముందు చూసుకోండి, కానీ శాస్త్రీయ సంగీతం రోజుల్లో పై వరసలు ఇప్పటికీ చౌకే. పెద్దవాళ్లు లేకుండా మీరే వెళ్తే పైనే కూర్చోండి, కొండలు, సంధ్య వెలుగు, స్టేజీ మీద తెల్లటి గుండ్రటి షెల్ అన్నీ ఒక చూపులో కనిపిస్తాయి. నాన్నగారితో అయితే పైకి వద్దు. అక్కడ ఎక్కుడు చాలా నిటారుగా ఉంటుంది, విరామంలో బాత్రూమ్‌కి దిగి మళ్లీ ఎక్కడం నరకం. మధ్యలోనో కిందనో, నడవా పక్కనే ఉన్న సీటు తీసుకోండి, ఆ కాస్త డబ్బు దండగ కాదు. వీల్‌చైర్ సీట్లు, మెట్లు ఎక్కలేనివాళ్లకి సాయం కూడా ఉంటాయి, బాక్సాఫీసుకి ఫోన్ చేసి ముందే చెప్పుకోవాలి. బెంచీ మీద గంటన్నరకి నడుం పట్టేస్తుంది, ఇంటి నుంచి దిండ్లు పట్టుకెళ్లండి.

తిండి గురించి మీరు టెన్షన్ పడక్కర్లేదు. ఎల్.ఏ. ఫిల్ సొంతంగా నడిపే రాత్రుల్లో బయటి తిండి తెచ్చుకోవచ్చు, తెచ్చుకోవడమే అక్కడి ఆచారం. బయటివాళ్లు అద్దెకి తీసుకుని చేసే షోలకి నియమాలు వేరు, టికెట్ పేజీలో చూసుకోండి. గేట్లు ముందే తెరుస్తారు, చుట్టూ చెట్ల కింద బల్లలుంటాయి. మేం పులిహోర, దద్దోజనం, మినపగారెలు, ఫ్లాస్కులో కాఫీ పట్టుకెళ్లాం. పక్క బల్ల మీద ఒక కుటుంబం చీజ్, ద్రాక్షపళ్లు పరుచుకుని కూర్చుంది, అమ్మ వాళ్లకి గారెలు పెట్టింది, వాళ్లు మాకు కేకు ఇచ్చారు. భాష రాని చోట అమ్మ అంత హాయిగా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. ఒక్కటి మాత్రం, తినడం కచేరీకి ముందే ముగించండి. నెమ్మదైన భాగం నడుస్తుంటే ఎవరో ఒకరి ఖాళీ సీసా మెట్ల మీద దొర్లుతూ పోతుంది, బౌల్‌లో అది ప్రసిద్ధమైన చప్పుడు, నాకు ఇప్పటికీ ప్రాణం చివుక్కుమంటుంది.

కారులో వెళ్తే పార్కింగ్ ఖరీదు, పైగా ఒకదాని వెనక ఒకటి ఇరికించి పెట్టిస్తారు, ముందు కారువాళ్లు వచ్చేదాకా మీరు కదల్లేరు. కౌంటీలో చాలా చోట్ల నుంచి పార్క్ అండ్ రైడ్ బస్సులున్నాయి, కారు అక్కడ పెట్టి బస్సులో వెళ్లండి, పెద్దవాళ్లతో అదే ఉత్తమం. మెట్రో బి లైన్‌లో హాలీవుడ్ హైలాండ్ స్టేషన్‌లో దిగితే పావుగంట నడక, కానీ ఎత్తుపల్లం, మీ నాన్నగారికి వద్దు.

చలి సంగతి ఎవరూ చెప్పలేదు. పగలు ఎండ మండిపోయినా సూర్యుడు దిగగానే ఆ లోయలో చల్లబడిపోతుంది. మన ఊరి ఎండల్లోంచి వచ్చినవాళ్లు తట్టుకోలేరు. శాలువాలు, అమ్మకి సాక్సులు, మఫ్లర్ తప్పనిసరి. వేసవిలో వాన భయం మాత్రం దాదాపు లేదు.

నిజాయితీగా ఒక లోటు కూడా చెప్పాలి. అంత పెద్ద చోట మైకులు లేకుండా కుదరదు, మీరు వినేది స్పీకర్ల ద్వారా వచ్చే ధ్వని. పైన హెలికాప్టర్ పోతే అది కూడా వినాలి. వయొలిన్ తీగ మీద కమాను ఒరిపిడి వినాలనుకునేవాళ్లు డౌన్‌టౌన్‌లో వాల్ట్ డిస్నీ కాన్సర్ట్ హాల్‌కి వెళ్లాలి, ఎల్.ఏ. ఫిల్‌కి శీతాకాలపు ఇల్లు అదే. కానీ అక్కడ దగ్గకూడదు, కదలకూడదు, ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియక బిగుసుకుపోతారు. బౌల్‌లో భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టినా ఎవరూ గుడ్లురిమి చూడరు, బాగుంటే కొడతారు, మన కచేరీలో లాగే. మొదటిసారికి ఇదే సరైన చోటు.

వాళ్లు వచ్చిన మొదటి వారంలో మాత్రం పెట్టుకోకండి. ఇక్కడ రాత్రి ఎనిమిదింటికి కచేరీ మొదలైతే అక్కడ పొద్దున ఎనిమిదిన్నర, ఒళ్లు కుదుటపడకముందే అయితే విరామానికే తల వాల్చేస్తారు. ఈలోగా పొద్దుటిపూట రిహార్సల్ చూడొచ్చేమో ఫోన్ చేసి కనుక్కోండి, వేసవిలో చాలా రోజులు ఉచితంగా లోపలికి రానిచ్చేవారు, ఆవరణలోనే చిన్న మ్యూజియం ఉంది, దానికీ టికెట్ లేదు. ఆ తర్వాత ప్రోగ్రామ్‌లో ద్వొరాక్, బీథోవెన్, చైకోవ్‌స్కీ పేర్లున్న మంగళవారమో గురువారమో చూసి టికెట్లు తీసేసుకోండి. వాళ్లు ఉండే తేదీలు ఇక్కడ రాస్తే ప్రోగ్రామ్ చూసి, వాటిలో ఏది మీ నాన్నగారికి బాగుంటుందో నేనే చెప్తాను.