డీజిల్ పూయని ప్లేట్లలోనూ కాలనీలు ఎందుకొస్తున్నాయి?

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం విజయవాడ ఆటోనగర్ షెడ్ల దగ్గర నూనె ఇంకిన మట్టి తెచ్చాను, అందులో నూనె తినే బ్యాక్టీరియా ఎన్నో లెక్కించాలి. బుష్నెల్-హాస్ అగార్ (కార్బన్ ఆహారం కలపని లవణాల మాధ్యమం) మీద డీజిల్ పూసి ప్లేటింగ్ చేస్తే గ్రాముకు కోటి దాకా కాలనీలు వచ్చాయి. డీజిల్ లేని ప్లేట్లలోనూ దాదాపు అంతే. పొరపాటు ఎక్కడ?

జవాబు: పొరపాటు మీ చేతిలో లేదు, అగార్‌లో ఉంది. అందులో కొద్దిపాటి సేంద్రియ మలినాలుంటాయి. చాలా బ్యాక్టీరియాకు ఆ కాస్త చాలు, చిన్న కాలనీ కట్టేస్తుంది. డీజిల్ లేని ప్లేట్లు పెట్టబట్టి సరిపోయింది. లేకుంటే ఆ కోటీ నూనె తినేవాటి లెక్కగా రికార్డుకెక్కేది.

అగార్ వదిలేసి ద్రవంలో ఎంపీఎన్ పద్ధతికి (ఏ పలచనలో ఎన్ని గుంటల్లో పెరుగుదల ఉందో చూసి కణాల సంఖ్యను అంచనా వేయడం) రండి. ఒక గ్రాము మట్టిని 0.1 శాతం సోడియం పైరోఫాస్ఫేట్ కలిపిన 9 మి.లీ. సెలైన్‌లో వేసి అరగంట షేకర్ మీద ఉంచండి. మట్టి రేణువులను అంటిపెట్టుకున్న కణాలు దీనితో విడివడతాయి. తర్వాత పదేసి రెట్లు పలచన చేయండి. బ్రాత్‌కు (అగార్ లేని ద్రవ మాధ్యమం) బుష్నెల్-హాస్ పొడి లీటరుకు 3.27 గ్రాములు. ఆటోక్లేవ్ చేశాక అడుగున మడ్డి కనిపిస్తే కంగారుపడకండి, కలిపి వాడండి. 96 గుంటల ప్లేటులో గుంటకు 180 మైక్రోలీటర్ల బ్రాత్, 5 మైక్రోలీటర్ల హెక్సాడెకేన్ (డీజిల్‌లో ఉండే ఒక హైడ్రోకార్బన్), 20 మైక్రోలీటర్ల నమూనా పోయాలి. ప్రతి పలచనకూ 8 గుంటలు, నమూనా లేకుండా ఒక వరుస. వాడేసిన ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు, దాని నలుపులో చివర వచ్చే ఎర్ర రంగు కనపడదు. హెక్సాడెకేన్ 18 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టకండి.

అంచు గుంటలు ఎండిపోకుండా తడి దూది ఉన్న డబ్బాలో 2 వారాలు ఉంచి, ఆ తర్వాతే గుంటకు 50 మైక్రోలీటర్ల ఐఎన్‌టీ (బతికున్న కణాలు ఎర్రగా మార్చే రసాయనం) ద్రావణం (లీటరుకు 3 గ్రాములు) చేర్చండి. మర్నాటికి ఎర్రబడినవి పాజిటివ్. ముందే కలిపితే పెరుగుదల ఆగిపోతుంది, ఐఎన్‌టీ కణాలకు విషమే.

అన్నిటికన్నా ముఖ్యం, హెక్సాడెకేన్ లేని రెండో ప్లేటు. తక్కువ పలచనల్లో మట్టితోపాటు వచ్చిన సేంద్రియ పదార్థమే గుంటను ఎర్రగా మార్చగలదు. ఆ ప్లేటులోనూ ఎర్రబడిన పలచనలను నమ్మకండి.

ఎంపీఎన్ పట్టిక చూసేటప్పుడు గుంటలో వేసింది 0.02 మి.లీ. అని మరవద్దు. ఒక మి.లీ. అనుకుంటే లెక్క 50 రెట్లు పడిపోతుంది. ఫలితాన్ని 105 డిగ్రీల వద్ద ఆరబెట్టిన మట్టి బరువుకు చెప్పండి. పలచనకు 3 గొట్టాలతో చేస్తే అసలు సంఖ్య మీ లెక్కకు నాలుగైదు రెట్లు అటూ ఇటూ ఉండవచ్చు. 8 గుంటలతో అది సుమారు రెండున్నర రెట్లకు దిగుతుంది. అందుకే రెండు మట్టి నమూనాల మధ్య రెట్టింపు తేడా వచ్చినంత మాత్రాన ఒకదానిలో ఎక్కువున్నాయని రాయకండి.