ఒకే వేషం, వేర్వేరు నటులు: పోల్చే ముందు నీకో ఉత్తరం

అమ్మాయీ,

బ్యాట్‌మ్యాన్‌గా వేసిన నటులందరినీ పక్కపక్కన పెట్టి వ్యాసం రాస్తానన్నావు. తప్పకుండా రాయి. కాకపోతే ర్యాంకులతో మొదలుపెట్టకు. ఎవరు గొప్పో ముందే ఖాయం చేసుకుని కూర్చుంటే, తర్వాత చూసే ప్రతి సీనూ ఆ మాటకు సాక్ష్యంగానే కనిపిస్తుంది. అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. తెర మీద నీకు నచ్చినదాంట్లో నటుడు చేసిందెంత, అతనికి తొడిగిందెంత, షూటింగ్ అయ్యాక అతికించిందెంత?

దీనికి మన నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు అభినయాలు చక్కగా సరిపోతాయి. కాగితం మీద నాలుగు గడులు గీసి ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని రాసుకో. ఒళ్లు, గొంతు, వేషం, లోపలి భావం. సూపర్‌హీరో సినిమాల్లో చిక్కంతా మూడో గడితోనే. వేషం మిగతా మూడింటినీ మింగేస్తుంది.

మైఖేల్ కీటన్‌ని తీసుకో. 1989 సినిమాలో అతని ముసుగు మెడ దాటి భుజాల దాకా దిగుతుంది. తల తిప్పలేడు. పక్కకు చూడాలంటే మొండెం మొత్తం తిరగాలి. ఆ తిరగడం చూసి ‘రాతి విగ్రహంలాంటి బ్యాట్‌మ్యాన్‌ని సృష్టించాడు’ అని రాసేస్తుంటారు. ఆ బిగువు సూటుది. ఆ ఇబ్బందిని దాచిపెట్టకుండా, నెమ్మదిగా, తొందరే లేనట్టు తిరిగి దాన్ని బెదిరింపుగా మార్చుకోవడం కీటన్‌ది. ఈ రెండు మాటల్నీ ఒకే వాక్యంలో కలిపేయకు.

సూటు ప్రభావం ఎంతో కొలవడానికి ఒక మంచి దారి ఉంది. 2005లో ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’ చేసినప్పుడు క్రిస్టియన్ బేల్‌కూ మెడ తిరగదు. 2008 ‘ది డార్క్ నైట్’కి వచ్చేసరికి తల తిప్పుకునే వీలు కావాలని బ్రూస్ వేన్ (ముసుగు తీసిన బ్యాట్‌మ్యాన్ అసలు పేరు) కథలోనే అడిగి కొత్త సూటు చేయించుకుంటాడు. నటుడూ అతనే, దర్శకుడూ క్రిస్టఫర్ నోలనే. రెండింట్లోంచీ ఫైట్లు వదిలేసి, నిలబడి మాట్లాడే సీను ఒక్కోటి తీసుకో. సౌండు తీసేసి చూడు. మెడ ఒక్కటే అతనికి ఏమిచ్చిందో కనిపిస్తుంది. ఇది చేశాక కీటన్ దగ్గరికి తిరిగి వెళ్తే నీ తీర్పు కొంచెమైనా మారుతుందని నా నమ్మకం.

ఇక సీన్ల ఎంపిక. సినిమాకు సినిమా పోల్చకు, సందర్భానికి సందర్భం పోల్చు. బ్యాట్‌మ్యాన్ మొదటిసారి తనెవరో చెప్పుకునే ఘట్టం చాలామందికి ఉంటుంది. కీటన్ మేడ మీద దొంగని పట్టుకుని, గొంతు పెంచకుండా దాదాపు గుసగుసగా ‘ఐయామ్ బ్యాట్‌మ్యాన్’ అంటాడు. బేల్ 2005లో ముఠా నాయకుడు ఫాల్కోనీని కారు పైకప్పులోంచి పైకి లాగి, ముఖంలో ముఖం పెట్టి అదే మాట గర్జిస్తాడు. 2022లో రాబర్ట్ ప్యాటిన్సన్ వచ్చేటప్పుడు ముందు చీకట్లోంచి బూట్ల చప్పుడు వినిపిస్తుంది. నువ్వెవడివని అడిగినవాణ్ణి కిందపడ్డాక కూడా కొడుతూనే ఉండి, అప్పుడు ‘ఐయామ్ వెంజెన్స్’ అంటాడు. పేరు చెప్పడు, పగని అంటాడు.

ఈ మూడింటినీ ఒక్కోదాన్ని మూడుసార్లు చూడు. మొదట మామూలుగా. రెండోసారి సౌండు లేకుండా, భుజాలూ చేతులూ ఊపిరీ మాత్రమే గమనిస్తూ. మూడోసారి కళ్లు మూసుకుని వింటూ. ప్రతిసారీ ఒక్క గడే నింపు. మూడూ ఒకేసారి నింపబోతే నీకు గుర్తుండేది డైలాగు ఒక్కటే, మిగిలిందంతా దాన్ని బట్టి ఊహించి రాసేస్తావు.

గొంతు దగ్గర మరీ జాగ్రత్త. ‘ది డార్క్ నైట్’లో బేల్ గొంతును షూటింగ్ తర్వాత సౌండు పనిలో ఇంకా మార్చారు. కాబట్టి అక్కడి బొంగురంతా అతని కంఠానిదే అనకు. గొంతు నటుడిదెంతో చూడాలంటే 2005 సినిమా దగ్గరకే వెళ్లు. 2016లో బెన్ అఫ్లెక్ బ్యాట్‌మ్యాన్ గొంతు మార్చే పరికరం వాడతాడని కథే చెబుతుంది, అతని విషయంలో ముసుగు లేనప్పటి మాటల్నే లెక్కలోకి తీసుకో. ప్యాటిన్సన్ గొంతు తగ్గించి, మాటలు పొదుపుగా, అలిసిపోయినట్టు మాట్లాడతాడు. ముసుగు తీసినా ఆ గొంతు పెద్దగా మారదు. అది లోపం కాదు, ఇంకా బ్రూస్ అనే మనిషిగా బతకడం మొదలుపెట్టని కుర్రాడి కథ అది. ఇంకో మాట, నువ్వు చూసేది డబ్బింగ్ వెర్షన్ అయితే వాచికం గడి ఖాళీగా వదిలెయ్. వేరే కళాకారుడి గొంతు విని నటుడికి మార్కులు వేయడం ఇద్దరికీ అన్యాయం.

అఫ్లెక్, ప్యాటిన్సన్ల పోలికలో ఇంకో గుంట ఉంది. అఫ్లెక్‌కి రాసినది ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉండి విసిగిన బ్యాట్‌మ్యాన్‌ని. ప్యాటిన్సన్‌కి రాసినది రెండేళ్లు కూడా సరిగ్గా నిండని బ్యాట్‌మ్యాన్‌ని. ఒకరి అలసట, ఇంకొకరి ఆవేశం స్క్రిప్టు ఇచ్చినవి. వాటిని ఎలా మోశారన్నదే నీ ప్రశ్న. అలాగే 1966లో ఆడమ్ వెస్ట్ వేసింది నవ్వించడానికి రాసిన బ్యాట్‌మ్యాన్. అర్థంపర్థం లేని మాటను ముఖం చెదరకుండా గంభీరంగా చెప్పడం అతని పని. ఆ పని చాలా కష్టం, అతను దాన్ని అద్భుతంగా చేశాడు. అతన్ని బేల్ పక్కన నిలబెట్టి తక్కువ చేయకు. విడిగా రాయి, లేదంటే వదిలెయ్.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి చెబుతాను. ఎదుటి నటుడు మారకుండా హీరో మాత్రమే మారిన చోట్లు వెతుకు. 1989, 1992, 1995, 1997 సినిమాలు నాలుగింట్లోనూ బ్రూస్ ఇంటి బట్లర్ ఆల్ఫ్రెడ్‌గా వేసింది మైఖేల్ గాఫే. ఎదురుగా కీటన్, వాల్ కిల్మర్, జార్జ్ క్లూనీ వచ్చి వెళ్లారు. చివరి రెండింటికీ దర్శకుడు కూడా ఒక్కడే, జోయెల్ షూమాకర్. ఇంతకంటే శుభ్రమైన పోలిక ఎక్కడ దొరుకుతుంది? గాఫ్ దాదాపు ఒకే మర్యాదతో, ఒకే వాత్సల్యంతో ఉంటాడు. కాబట్టి సీనులో తేడా వచ్చిందంటే అది ఎక్కువగా ఎదుటివాడు తెచ్చిందే. కీటన్ ఆల్ఫ్రెడ్ ముందు ఇల్లు దొరికిన పరధ్యానం మనిషిలా సడలిపోతాడు. కిల్మర్ తన లోపలికి తాను ముడుచుకుని, మాట మెత్తగా వదులుతాడు. క్లూనీ సూటులో ఉన్నా లేకున్నా అదే గొంతు, అదే చిరునవ్వు. ఆ సినిమాను తిట్టడం అందరికీ అలవాటు, కానీ జబ్బుపడ్డ ఆల్ఫ్రెడ్ మంచం పక్కన క్లూనీ కూర్చున్న సీను చూడు. అక్కడ తెచ్చిపెట్టుకున్నది ఏమీ లేదు. సినిమా బాగాలేదని నటుడి మంచి సీనును కూడా పారేయడం ఈ రకం రాతల్లో తరచూ జరిగే తప్పు.

బ్రూస్ వేన్‌లో ముగ్గురున్నారన్న సంగతి కూడా మరిచిపోకు. ముసుగులోని మనిషి, లోకం ముందు ఆడే ధనవంతుడు, రహస్యం తెలిసినవాళ్ల దగ్గర మాత్రమే బయటపడే మూడోవాడు. బేల్ ఈ మూడింటినీ గట్టి గీతలు గీసి విడదీశాడు. 2005లో పుట్టినరోజు విందు సీను చూడు. అతిథుల ప్రాణాలు కాపాడటానికి తాగుబోతులా నటించి, వాళ్లను అవమానించి ఇంట్లోంచి పంపేస్తాడు. వేషంలో వేషం. కీటన్ గీతల్ని చెరిపేశాడు. ఫొటోలు తీసే విలేఖరి విక్కీ వేల్ వచ్చి వీళ్లలో బ్రూస్ వేన్ ఎవరని అతన్నే అడిగితే, నాకూ సరిగ్గా తెలియదంటాడు. అందులో నటించే ధనవంతుడే లేడు, ఎక్కడో ఆలోచిస్తున్న మనిషే ఉన్నాడు.

బ్యాట్‌మ్యాన్ అయ్యాక స్పైడర్‌మ్యాన్ జోలికి వెళ్తే గడులు మళ్లీ సరిచూసుకో. అక్కడ ముసుగు పెదవుల్ని కూడా కప్పేస్తుంది. గాల్లో ఊగే షాట్లలో చాలావాటికి గ్రాఫిక్సూ డూపులూ పనిచేస్తారు, వాటిని ఎవరి ఖాతాలోనూ వేయకు. టోబీ మాగ్వైర్, ఆండ్రూ గార్ఫీల్డ్‌ల ముసుగు కళ్లు కదలవు. 2016 నుంచి వేస్తున్న టామ్ హాలండ్ ముసుగు కళ్లు చిన్నవీ పెద్దవీ అవుతాయి, అది కంప్యూటర్ పని. హాలండ్ ముసుగులో కూడా భావాలు పలికించాడని రాసేముందు ఇది గుర్తు తెచ్చుకో. అతని జిమ్నాస్టిక్స్, నాట్యం తెలిసిన ఒళ్లు మాత్రం నిజంగా అతనిదే. మాగ్వైర్‌కైతే 2004 సినిమాలో రైలు ఆపే ఘట్టం చాలు, ముసుగు లేకుండా ముఖమంతా కనిపిస్తుంది. ముగ్గురూ కలిసి కనిపించేది 2021 ‘నో వే హోమ్’లో. ఒకే దర్శకుడు, ఒకే వెలుగు. కానీ అది హాలండ్ సినిమా ధోరణిలో రాసినది, మిగతా ఇద్దరూ అతిథులు. అయినా పడిపోతున్న ఎమ్‌జేని (కథలో హాలండ్ ప్రియురాలు) పట్టుకున్నాక గార్ఫీల్డ్ ముఖాన్ని చూడు. 2014 సినిమాలో తన ప్రియురాలు గ్వెన్‌ని కాపాడలేకపోయిన ఆ చేతులే అవి. మాట అవసరమే లేకుండా సాత్త్వికం గడి నిండిపోతుంది.

సూపర్‌మ్యాన్ గురించి క్లుప్తంగా. 1978లో క్రిస్టఫర్ రీవ్ తోటి విలేఖరి లోయిస్ ఇంట్లో నిజం చెప్పాలనుకుని కళ్లద్దాలు తీసి, వెన్ను నిటారు చేసి, గొంతు దించి, మనసు మారి మళ్లీ మామూలు మనిషి క్లార్క్‌గా ముడుచుకుపోయే షాటును కాగితం పక్కన పెట్టుకుని ఆపి ఆపి చూడు. ఆంగికం అంటే ఏమిటో అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. అదే కొలతతో హెన్రీ కావిల్‌ను కొలవకు, 2013 సినిమాలో అతను కళ్లద్దాల క్లార్క్‌గా ఆఫీసులో అడుగుపెట్టేదే ఆఖర్న. 2017 ‘జస్టిస్ లీగ్’లో మళ్లీ తీసిన సీన్లలో అతని మీసాన్ని కంప్యూటర్‌తో చెరిపేశారు, పైపెదవి అసహజంగా ఉంటుంది. ఆ క్లోజప్పులతో అతని నటనను తూచకు. హల్క్‌నైతే ఈసారికి పక్కన పెట్టు. 2003 సినిమాలో కంప్యూటర్‌తో చేసిన హల్క్ కదలికలకు దర్శకుడు ఆంగ్ లీనే ఒళ్లు వంచాడు, ఎరిక్ బానా కాదు. 2012 నుంచి మార్క్ రఫాలో తానే చేశాడు. ఇద్దరినీ ఒకే గాటన కట్టలేం.

రాసేటప్పుడు ‘ఒదిగిపోయాడు’, ‘జీవించాడు’ అన్న మాటలు వాడాలనిపిస్తే ఆగి, ఏ సీనులో, ఏ క్షణంలో, ఏం చేశాడో రాయి. అది రాయలేకపోతే ఆ మెప్పు కొట్టెయ్. నలుగురికి మించి తీసుకోకు, ఒక్కొక్కరికి మూడు సీన్లు చాలు. మొత్తం పన్నెండు కాగితాలు అవుతాయి.

ముందు గాఫ్ ఉన్న సీన్లు మూడు చూసి, నింపిన కాగితాలు మూడూ నాకు పంపు. ఆహార్యం గడిలో రాయవలసింది సాత్త్వికంలోకి జారిపోయిందేమో చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న