టెంట్‌హౌస్ కుర్చీలు లెక్కపెట్టడమూ ఉద్యోగమేనమ్మా

ప్రశ్న: మా అమ్మాయి బీఏ హిస్టరీ చివరి సంవత్సరం. ఏడాదిగా ప్రతి ఆదివారం సిటీలోని ఒక మ్యూజియంకు వాలంటీరుగా వెళ్తోంది. హెరిటేజ్ వాక్‌లు, స్కూలు పిల్లలకు కథలు, పాత ఫొటోల ప్రదర్శనలు, ఇదే లోకం. ఇప్పుడు మ్యూజియంలో పబ్లిక్ ప్రోగ్రామ్స్ చేయడమే నా కెరీర్ అంటోంది. యూకేలో మ్యూజియం స్టడీస్ చదువుతానని తనొక్కతే ఒక కన్సల్టెన్సీకి కూడా వెళ్లొచ్చింది. ఇల్లు పెట్టి లోన్ తీసుకోవాల్సి ఉంటుంది. మావారు మాత్రం ఈవెంట్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ అయితే సరే అంటున్నారు. మా తమ్ముడేమో అదే చదువు మ్యూజియాలజీ పేరుతో ఇక్కడే ఉందంటున్నాడు. మూడింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి. పాప ఏం చేస్తోందని చుట్టాలు అడిగితే ఏం చెప్పాలో తెలియట్లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మూడూ పోల్చమన్నారు, పోలుస్తాను. కానీ మీ అసలు బాధ ఉత్తరం చివర్లో ఉంది. చుట్టాలకు ఏం చెప్పాలన్నది. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, కోర్సు పేరే మారుతుంటుంది. ఒకప్పుడు జర్నలిజం, తర్వాత ఫ్యాషన్ డిజైన్, మధ్యలో కొన్నాళ్లు సైకాలజీ. బీటెక్ పిల్ల ఆఫీసుకెళ్లి రోజంతా ఏం చేస్తుందో ఎవరూ అడగరు. మ్యూజియం అనగానే "అక్కడేం చేస్తుంది, బొమ్మలు తుడుస్తుందా?" అంటారు. ఆ మాట మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. మీరే అన్నారేమో కూడా.

అందుకే ముందు అక్కడ ఏం చేస్తారో చెబుతాను.

సాలార్‌జంగ్ మ్యూజియం చూసే ఉంటారు. గంటల గడియారం ముందు జనం కూర్చుని ఎదురుచూస్తుంటారు. గడ్డం ఉన్న బుల్లి మనిషి తలుపు తీసుకుని బయటికొచ్చి గంట కొట్టి మళ్లీ లోపలికి పోతాడు. మధ్యాహ్నం పన్నెండుకైతే మరీ రద్దీ, పన్నెండుసార్లు కొడతాడు కదా. పోస్టరు, మైకు, ముఖ్య అతిథి ఏవీ లేకుండా రోజూ హౌస్‌ఫుల్ అయ్యే కార్యక్రమం అది. కొట్టడం అవగానే అందరూ లేచి వెళ్లిపోతారు. పబ్లిక్ ప్రోగ్రామ్స్ చేసేవాళ్లు ఆ జనాన్ని చూస్తే వాళ్ల బుర్రలో వేరే ప్రశ్నలు తిరుగుతాయి. గంట కోసం ఊరికే కూర్చున్న ఆ ఐదు నిమిషాల్లో వీళ్లతో ఏం మాట్లాడొచ్చు? లేచి వెళ్లిపోతున్నవాళ్లలో పదిమందినైనా పక్క గదిలోకి ఎలా తీసుకెళ్లొచ్చు? వచ్చేనెల మళ్లీ ఎలా రప్పించొచ్చు? మీ అమ్మాయి చేస్తానంటున్న ఉద్యోగం ఇది.

ఊరి చరిత్ర చెప్పే మ్యూజియంలో ఈ పని ఇంకా కష్టం. అక్కడ సాలార్‌జంగ్‌లోలా మేలిముసుగు రెబెక్కా శిల్పం ఉండదు, నగలుండవు. పాత మ్యాపు, మున్సిపాలిటీ రికార్డు, ఎవరింట్లోదో పెళ్లి ఫొటో ఉంటాయి. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన మూసీ వరదనే తీసుకోండి. వేలమంది పోయారు. ఆ వరద ఫొటో గోడకు తగిలిస్తే పది సెకన్లు చూసి ముందుకెళ్తారు. అదే పిల్లల్ని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కిందికి తీసుకెళ్లి, ఆ రోజు ఈ కొమ్మలెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పండి. తలలు పైకెత్తి చెట్టును చూస్తారు. అప్పుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఎందుకు పిలిపించారో, 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట చెరువు, 1927లో హిమాయత్‌సాగర్ ఎలా తయారయ్యాయో చెబితే వింటారు. వచ్చేటప్పుడు ఇంట్లోంచి నల్లా బిల్లు తెచ్చుకోమనాలి. గండిపేట నీళ్లు తాగినవాళ్లు ఈ ఊరు వదలరంటారు కదా, ఆ గండిపేట ఈ వరద వల్లే వచ్చిందని తెలిశాక ఆ బిల్లు చూసే చూపు మారుతుంది.

వినడానికి బాగానే ఉంది కదా. చేయడం సంగతి వినండి. ఆసుపత్రి ఆవరణలోకి అరవై మంది పిల్లల్ని తీసుకెళ్లాలంటే ముందు అనుమతి కావాలి. ఆ కాగితం ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్‌కి వెళ్లేసరికి చెప్పులు అరుగుతాయి. అంబులెన్సులకు అడ్డం రాకుండా స్కూలు బస్సు ఎక్కడ ఆపాలి? ఆడపిల్లలకు బాత్రూమ్ ఎక్కడ? మంచినీళ్ల క్యాన్లు ఎవరు మోస్తారు? సెప్టెంబర్ చివర కాబట్టి వర్షం పడితే ఏ హాలు? స్పీకరుకు ఛార్జింగ్ పెట్టారా? ఉపన్యాసం పెడితే ఫ్లెక్సీ మీద ఎవరి పేరు ముందు వేయాలన్న గొడవ ఒకటి. అన్నీ అయ్యాక టెంట్‌హౌస్ కుర్చీలు లెక్కపెట్టి అప్పగించాలి. రెండు తగ్గితే డబ్బు కట్టాలి. మర్నాడు ఎంతమంది వచ్చారో, ఏ స్కూళ్లో, ఎంత ఖర్చయిందో రిపోర్టు రాయాలి. అది లేకపోతే వచ్చే ఏడాది కార్యక్రమానికి స్పాన్సర్ ఉండడు.

మీ అమ్మాయి కథలు చెప్పిందన్నారు, సంతోషం. కుర్చీలు లెక్కపెట్టిందా? అడగండి. లెక్కపెట్టి కూడా మళ్లీ వెళ్తానంటోందంటే ఆ పిల్లకు పని తెలుసు. మైకు పట్టుకోవడం మాత్రమే నచ్చిందంటే ఇంకో ఏడాది వాలంటీరుగానే ఉండనివ్వండి.

తేదీల సంగతి కూడా చూడండి. అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం మే 18. 1977 నుంచి జరుపుతున్నారు. మన దగ్గర మే 18 అంటే నడినెత్తిన ఎండ, స్కూళ్లకు సెలవులు. పుస్తకంలో చూసి స్కూళ్లకు ఆహ్వానాలు పంపితే హాలు ఖాళీ. ఆరోజు కుటుంబాల కోసం సాయంత్రం పెట్టుకోవాలి, పిల్లల కార్యక్రమాలన్నీ నవంబర్ 19 నుంచి 25 దాకా ఉండే ప్రపంచ వారసత్వ వారోత్సవాలకు దాచుకోవాలి. ఇలాంటివి ఏ దేశంలో ఎంఏ చేసినా రావు. ఈ ఊళ్లో పనిచేస్తేనే వస్తాయి.

ఇక యూకే.

చదువు చెడ్డదని నేననను. లెస్టర్ విశ్వవిద్యాలయంలో మ్యూజియం స్టడీస్ విభాగం 1966 నుంచి ఉంది, మంచి పేరుంది. నా అనుమానాలు వేరు. మ్యూజియంలో వస్తువుల్ని భద్రపరిచే కన్జర్వేషన్ లాంటి విద్య నేర్చుకుంటే ఎక్కడైనా పనికొస్తుంది, రసాయనం ఏ దేశంలోనైనా ఒకటే. పబ్లిక్ ప్రోగ్రామ్స్ అలా కాదు. దానికి పెట్టుబడి స్థానిక పరిజ్ఞానం. ఏ గల్లీలో ఏ భాష మాట్లాడతారు, ఏ స్కూలు హెడ్మాస్టరు ఫోన్ ఎత్తుతాడు, ఏ బస్తీ పెద్దకు పాత కబుర్లు గుర్తున్నాయి, ఇవి తెలియాలి. మీ అమ్మాయికి హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ల పెట్టుబడి ఉంది. లెస్టర్‌లో సున్నా నుంచి మొదలుపెట్టాలి, పోటీ మాత్రం అక్కడే పుట్టి పెరిగినవాళ్లతో. అక్కడ చాలా ఊళ్ల మ్యూజియంలు స్థానిక కౌన్సిళ్ల డబ్బుతో నడుస్తాయి. ఆ కౌన్సిళ్లకే డబ్బు కటకట. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కునే వీసా గడువునూ తగ్గిస్తున్నారు. వీటిలో ఒక్కటైనా ఆ కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారా?

నా దగ్గరికి ఒకబ్బాయి వచ్చాడు. ఇదే చదువు అక్కడ చదివి, ఏడాదిన్నర సూపర్‌మార్కెట్‌లో పనిచేసి తిరిగొచ్చాడు. ఇప్పుడు ఇక్కడ ఒక స్కూల్లో సోషల్ చెబుతున్నాడు. మంచి టీచరు. కానీ లోన్ ఇంకా తీరుతూనే ఉంది, ఆ లోన్ కోసమే మ్యూజియం ఉద్యోగం వదులుకున్నాడు. జీతం కిస్తీకి సరిపోదని.

మీ మీద నాకు కాస్త కోపం ఇక్కడే వచ్చింది, ఏమనుకోకండి. ఇల్లు తాకట్టు పెట్టి ముప్పై లక్షలు పైచిలుకు తేవడానికి మీరు సిద్ధమే. ఎందుకంటే "యూకేలో ఎంఏ" అని చుట్టాలకు చెప్పొచ్చు. అదే పిల్ల ఇక్కడ ఏదైనా ట్రస్టు మ్యూజియంలో కొద్దిపాటి జీతానికి చేరతానంటే నామోషీ. ఏడాది నుంచి ఆదివారాలు వెళ్తోందని రాశారు. ఒక్క ఆదివారమైనా మీరు వెళ్లారా? వెళ్లుంటే అక్కడ ఏం జరుగుతుందో నాలుగు ముక్కలు రాసేవారు. పిల్ల ఒక్కతే కన్సల్టెన్సీకి వెళ్లిందంటే ఇంట్లో మాట్లాడేవాళ్లు లేకే కదా?

వద్దే వద్దనను. ఇక్కడ రెండు మూడేళ్లు పనిచేశాక స్కాలర్‌షిప్ మీద వెళ్తే అది వేరే లెక్క. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కు ఎలాగూ కనీసం రెండేళ్ల పని అనుభవం అడుగుతారు. అప్పుడు తను ఏం నేర్చుకోవడానికి వెళ్తోందో తనకే తెలుస్తుంది.

ఈవెంట్ మేనేజ్‌మెంట్ ఎంబీఏ సంగతి ఒక్క మాటలో చెబుతాను: మీవారి ఆలోచన తప్పేం కాదు, కానీ ఆ చదువుతో మొదటి ఉద్యోగం పెళ్లిళ్లు, కార్పొరేట్ ఫంక్షన్లు చేసే కంపెనీలో వస్తుంది. మీ అమ్మాయికి అది కావాలని ఉత్తరంలో ఎక్కడా లేదు. బడ్జెట్, వెండర్లు, పర్మిషన్లు నేర్చుకోవడానికి ఆరు నెలలు అలాంటి చోట పనిచేస్తే చాలు, రెండేళ్ల ఫీజు అక్కర్లేదు.

మీ తమ్ముడన్నది నిజం. బరోడాలోని ఎంఎస్ యూనివర్సిటీలో, కలకత్తా విశ్వవిద్యాలయంలో మ్యూజియాలజీ దశాబ్దాల నుంచి ఉంది. ఢిల్లీలో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్‌గా ఉన్నది ఇప్పుడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ పేరుతో నోయిడాకు వెళ్లింది. ప్రభుత్వ మ్యూజియంల నోటిఫికేషన్లలో చాలా పోస్టులకు ఈ డిగ్రీ అడుగుతారు, అదే దాని అసలు బలం. గైడ్ లెక్చరర్, ఎడ్యుకేషన్ ఆఫీసర్, కీపర్ లాంటి పేర్లతో ఆ పోస్టులు వస్తాయి. వస్తాయి అంటే, గ్రూప్స్ లాగా ఎదురుచూడకండి. ఒకటీ రెండూ, అదీ ఎప్పుడో. పురావస్తు తవ్వకాల డిప్లొమా వేరు, ఇది వేరు. రెండూ ఒకటే అనుకుని చేరి తర్వాత బాధపడినవాళ్లు నాకు తెలుసు.

ప్రభుత్వం బయట కూడా చోట్లున్నాయి, హైదరాబాద్‌లోనే వెతికితే మాత్రం తక్కువ. ముంబైలో 1872లో తెరిచిన భావూ దాజీ లాడ్ మ్యూజియం ఆ నగరం కథే చెబుతుంది. దాన్ని మున్సిపల్ కార్పొరేషన్, ఒక ఫౌండేషన్, వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ సంస్థ కలిసి బాగుచేయించి 2008లో మళ్లీ తెరిచారు. అమృత్‌సర్ టౌన్‌హాల్లో 2017లో వచ్చిన పార్టిషన్ మ్యూజియం మామూలు మనుషులు ఇచ్చిన వస్తువులతో, వాళ్ల నోటి మాటలతో కట్టింది. మన దగ్గర విజయవాడ బాపు మ్యూజియం, విశాఖ బీచ్ రోడ్డులో పాత డచ్ బంగళాలోని విశాఖ మ్యూజియం ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసిన సంగతి ఆ ఊరి పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఇలాంటి ఊళ్లన్నిటిలో కథలు సిద్ధంగా ఉన్నాయి, చెప్పేవాళ్లకు జీతాలిచ్చే ఏర్పాటే ఇంకా సరిగ్గా లేదు. ఈ మాట మీ అమ్మాయికీ దాచకుండా చెప్పండి. మొదట్లో జీతం ప్రైవేటు స్కూలు టీచరుకు వచ్చేంతే ఉంటుంది, చాలాచోట్ల కాంట్రాక్టు మీదే.

అయినా నాకు మీ అమ్మాయి గురించి భయం లేదు. హిస్టరీ చదివి, జనం ముందు మాట్లాడటం వచ్చి, అరవై మంది పిల్లల్ని ఎండలో నడిపించి క్షేమంగా తిరిగి తెచ్చే మనిషికి పని దొరక్కపోదు. మ్యూజియం కాకపోతే స్కూలు, పర్యాటకం, ప్రచురణ సంస్థ, ఆర్కైవ్, స్వచ్ఛంద సంస్థ. మీరనుకుంటున్నంత సన్నని దారి కాదిది.

నా పిల్ల అయితే ఏం చేయించేదాన్నో చెబుతాను. మ్యూజియాలజీ ఎంట్రన్స్ రాయిస్తాను, సీటు వస్తే బరోడాకో నోయిడాకో పంపిస్తాను. రాకపోతే ఇక్కడే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో ఉస్మానియాలోనో హిస్టరీ ఎంఏ, ఆదివారాల పని మానకుండా. రెండిట్లో ఏదైనా సరే, ఉర్దూ చదవడం, రాయడం నేర్పిస్తాను. ఈ ఊరి పాత కాగితాల్లో సగం ఆ లిపిలోనే ఉన్నాయి, చదవగలిగే కుర్రకారు తక్కువ. ఎంఏ అయ్యాక బీఈడీ కూడా చేసిపెట్టుకుంటే ఇంట్లో అందరికీ నిద్రపడుతుంది. ముఖ్యంగా మీకు.

ఇంకొకటి. మ్యూజియంలో పనిచేసేవాళ్లకు అందరి సెలవురోజే పనిరోజు. సాలార్‌జంగ్‌కు సెలవు శుక్రవారం. ఆదివారం పెళ్లిళ్లకు పాప రాలేదేమని చుట్టాలు ఇంకో పదేళ్లు అడుగుతూనే ఉంటారు. అలవాటు చేసుకోండి.

వచ్చే ఆదివారం మీరూ, మీవారూ చెప్పకుండా వెళ్లి ఆ గుంపులో వెనక నిలబడండి. అయిపోగానే వచ్చేయకండి, కుర్చీలు మడతపెట్టేదాకా ఉండండి. లోన్ కాగితాల సంగతి ఆ తర్వాత చూద్దాం.